టికెట్టు లేదు కదా అని నాలుగుసార్లు వెళ్ళాను: క్లీవ్‌లాండ్ ఆర్ట్ మ్యూజియం

ఊరికే వస్తే ఫినాయిలైనా తాగేస్తారని మనవాళ్ళ మీద ఒక మాట ఉంది. నా గురించీ అలాగే అనుకోండి, నాకేం బాధ లేదు. ఏప్రిల్‌లో మూడు వారాల్లో క్లీవ్‌లాండ్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌కి నాలుగుసార్లు వెళ్ళాను. నాలుగుసార్లూ కలిపి లోపల అయిన ఖర్చు ఒక్క బిస్కెట్టు. అదీ మనవడి పేచీ వల్ల.

క్లీవ్‌లాండ్‌లో మాకేం పని అంటే, అమెరికాలో మా అమ్మాయి కాపురం ఆ ఊళ్ళోనే. ఇంకోటి మా ఆయన సంగీతం పిచ్చి. ఆ ఊళ్ళో 1978 నుంచీ త్యాగరాజ ఆరాధనోత్సవాలు జరుగుతున్నాయి. ఈస్టర్ రోజుల్లో మొదలుపెట్టి రోజుల తరబడి కచేరీలు. క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ హాల్లో పొద్దున కూర్చుంటే ఆయన రాత్రికి గానీ లేవరు. నాకూ పాట ఇష్టమే, కాదనను. కానీ బందరులో ముప్ఫై ఏళ్ళు కుట్టు మిషను తొక్కిన నడుము నాది. మూడో కచేరీకల్లా అది వేరే రాగం అందుకుంటుంది.

"అమ్మా, ఈ రోడ్డు మీదే బస్సెక్కితే మ్యూజియం దగ్గర దిగొచ్చు. టికెట్టు లేదు" అంది మా అమ్మాయి. నేను నమ్మలేదు. టికెట్టు లేదంటే లోపల ఎక్కడో గుంజుతారని అర్థం. మన తీర్థాల్లో చూడలేదా, దర్శనం ఉచితమే, చెప్పులకి పది, కొబ్బరికాయకి ఏభై.

పైగా నాకు అంతకు ముందు ఏడాది అనుభవం ఒకటి ఉంది. వేరే ఊళ్ళో, పేరు చెప్పను, ఒక పెద్ద మ్యూజియానికి మనిషికి 30 డాలర్లు పెట్టి నలుగురం వెళ్ళాం. మన డబ్బులో పదివేల పైమాటే. ఇక చూసుకోండి. డబ్బులు గిట్టాలి కదా! ఒక్క గది వదలకుండా పరుగే పరుగు. అల్లుడు మ్యాపు పట్టుకుని ముందు, మేం వెనక. "అత్తయ్యా, ఇంకా రెండంతస్తులున్నాయి" అంటాడు. సాయంత్రానికి నాకు గుర్తున్నవి రెండే. బాత్రూమ్ ఎటుందో, నీళ్ళు ఎక్కడ పట్టుకోవాలో.

క్లీవ్‌లాండ్‌లో అలా కాలేదు. ఎందుకు కాలేదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

యూక్లిడ్ అవెన్యూ మీద హెల్త్‌లైన్ అని బస్సు తిరుగుతుంది. యూనివర్సిటీ దగ్గర ఎక్కి, యూనివర్సిటీ సర్కిల్ అనే పేటలో దిగి, కాస్త నడిస్తే మ్యూజియం. ఎదురుగా ఒక చెరువు. చుట్టూ చెర్రీ చెట్లు పూసి ఉన్నాయి, కానీ గాలి మాత్రం చెంప మీద కొట్టినట్టుంది. లోపలికి వెళ్ళి నేరుగా కౌంటరు దగ్గర పర్సు తీశాను. అక్కడి అమ్మాయి నవ్వి, పర్సు లోపల పెట్టుకోమని చెప్పి చేతిలో మ్యాపు పెట్టింది. కోట్లు, పెద్ద సంచులు ఉంటే అప్పజెప్పుకునే చోటుంది. దానికీ డబ్బు తీసుకోరు. నడవలేని వాళ్ళకి వీల్‌ఛైరు అడిగితే ఇస్తారు, అదీ ఊరికే.

ఎలా గిట్టుబాటవుతుందని మా అల్లుణ్ణి అడిగితే తెలిసింది. ఆ ఊళ్ళో డబ్బున్నవాళ్ళు ముగ్గురు మ్యూజియం కట్టమని వీలునామాల్లో ఆస్తులు రాసిపోయారట. వేడ్ అనే ఇంకో ఆయన స్థలం ఇచ్చాడు. 1913లో సంస్థ పెట్టి 1916 జూన్‌లో తలుపులు తెరిచారు. ప్రజలందరి మేలు కోసం, ఎప్పటికీ అని అప్పుడే రాసుకున్నారు. అరవై వేలకు పైగా వస్తువులున్నాయి. ఇప్పటికీ శాశ్వత ప్రదర్శన చూడ్డానికి పైసా తీసుకోరు. కారు పెట్టుకుంటే పార్కింగుకి తీసుకుంటారు. ప్రత్యేక ప్రదర్శనలు కొన్నింటికి టికెట్టు ఉంటుంది. కాఫీ, తిండి సంగతి సరే సరి. ఆ మూడింటి జోలికి పోకపోతే మన పర్సు మన దగ్గరే.

మొదటి రోజు మాత్రం పాత బుద్ధి పోలేదు. ఊరికే ఉందని తెలిసీ, అంతా చూసేయాలని తిరిగాను. మధ్యలో ఒక పెద్ద హాలుంది. పైనంతా అద్దాల కప్పు, మన కల్యాణమండపాలు నాలుగైదు ఒకచోట పెట్టినంత. 39 వేల చదరపు అడుగులట. బయట చలి, లోపల ఎండ. అక్కడ కుర్చీలో గంటసేపు కూర్చున్నా "ఏం కావాలి" అని అడిగినవాళ్ళు లేరు. కాలేజీ పిల్లలు చదువుకుంటున్నారు. ఒకావిడ ఊలు అల్లుకుంటోంది. నాకు ఆ హాలే సగం నచ్చింది. తిరిగొచ్చేసరికి మోకాళ్ళు పట్టేశాయి. తప్పు నాదే, పెళ్ళికి కొన్న మెత్తటి చెప్పులేసుకుని రాతి నేల మీద నాలుగు గంటలు నడిచాను. వెళ్ళేవాళ్ళు బూట్లు వేసుకుని వెళ్ళండి, చీర మీదకి బాగుండవని చూసుకోకండి.

ఆ రాత్రి కాళ్ళకి జండూబామ్ రాసుకుంటుంటే వెలిగింది. టికెట్టు లేనప్పుడు అంతా ఒక్కరోజే చూడాల్సిన ఖర్మేంటి? మళ్ళీ వెళ్ళొచ్చు. ఒక్కటి చూసి వచ్చేయొచ్చు. ఎవరికి నష్టం?

రెండోసారి ఇనుప బట్టల గది ఒక్కటే చూడాలని వెళ్ళాను. ఆర్మర్ కోర్ట్ అంటారు. పైనుంచి వెలుతురు పడే పెద్ద హాలు, అందులో యూరపు యోధుల కవచాలు. మ్యూజియం తెరిచిన ఏడాదికే ఉన్న సేకరణ అది. నడిమధ్యన గుర్రం మీద కూర్చున్న ఒక యోధుడున్నాడు. గుర్రానికీ కవచమే. ఇటలీలో సుమారు 1575లో చేసింది. పిల్లలంతా గుర్రం చుట్టూ చేరతారు. నేను మాత్రం మోచెయ్యి చూశాను.

నవ్వకండి. జాకెట్టు కుట్టేవాళ్ళకి చెయ్యే ప్రాణం. ఒళ్ళు ఎలా కుట్టినా సర్దుకోవచ్చు, చంక దగ్గర అర అంగుళం తేడా వస్తే ఆవిడ చెయ్యెత్తి బస్సు రాడ్డు పట్టుకోలేదు. మరి ఇనుముతో చొక్కా కుట్టి, అది తొడుక్కుని కత్తి తిప్పాలంటే ఎలా కుదిరింది? అది తేల్చుకోవాలని ముప్పావు గంట నిలబడ్డాను. మోచేతి దగ్గర చిన్న చిన్న రేకులు, రొయ్య పొలుసుల్లా ఒకదాని మీదకి ఒకటి ఎక్కి ఉన్నాయి. రివిట్టు తిరగడానికి చోటు వదిలారు. చెయ్యి ముడిస్తే రేకులు ఒకదాని కిందకి ఒకటి జారతాయి, చాపితే మళ్ళీ పరుచుకుంటాయి. అంటే బట్టలో మనం వదిలే లూజు, వాళ్ళు రివిట్టు దగ్గర వదిలారు. చంకలో మాత్రం రేకు పెట్టడం ఎవరి తరం కాలేదు. అక్కడ సన్నటి ఇనుప రింగులు కలిపి అల్లిన ముక్కని లోపలి చొక్కాకి కుట్టేవాళ్ళు. చంకలో వేరే గుడ్డ ముక్క అతకడం నేను లావాటి వాళ్ళకి ఎన్నిసార్లు చేశానో! అదే చంక ముక్క. అయిదొందల ఏళ్ళ కిందట, ఇనుముతో.

పక్కన తోలు పట్టీలు, బకిల్సు. హుక్కులు వెనక పెట్టాలా ముందు పెట్టాలా అని మనం ఆలోచించినట్టే వాళ్ళూ ఆలోచించి పక్కన పెట్టారు. తనంతట తను తొడుక్కోవడం కుదరదు, సాయానికి మనిషి ఉండాల్సిందే. ఇదీ మన పట్టు జాకెట్టు లాంటిదే.

పుస్తకం, పెన్సిలు తీసి ఆ మోచెయ్యి గీసుకున్నాను. పెన్సిలుతో గీసుకోనిస్తారు. ఫ్లాష్ లేకుండా ఫోటోలు కూడా తీసుకోవచ్చు. నా బొమ్మ చూస్తే అది మోచెయ్యో రొయ్యో తెలియదు, అది వేరే విషయం. కానీ గీస్తేనే కనిపించింది. ఫోటో తీసి ఉంటే ఆ రివిట్టు సంగతి నాకు తెలిసేదే కాదు.

వెళ్ళిపోదామని బయల్దేరి దారిలో ఇంకో దగ్గర ఆగిపోయాను. ఒక్కటే చూస్తానని మాటిచ్చుకున్నా గానీ ఇది బట్టల వ్యవహారం. నల్ల దుస్తుల్లో నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ ఒక పెద్దమనిషి పటం. ఫ్రాన్స్ హాల్స్ అనే డచ్చి చిత్రకారుడు 1634లో వేసింది. బొమ్మలో ఉన్నాయన పేరు టీలెమాన్ రూస్టర్‌మాన్, హార్లెమ్ అనే ఊళ్ళో బట్టల వ్యాపారి. ఆ ఠీవి చూస్తే తెలుస్తూనే ఉంది. అరువు అడిగితే ఇచ్చే రకం కాదు.

దూరం నుంచి ఆ తెల్ల కాలరు, చేతుల దగ్గర అంచులు చూసి, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన బట్ట అనుకున్నాను. ఎంత సన్నటి పనో చూద్దామని దగ్గరికి వెళ్ళాను. దగ్గర ఏమీ లేదు! తెల్ల రంగు, బూడిద రంగు, కుంచెతో అడ్డదిడ్డంగా విదిలించిన గీతలు. దారం లేదు, పోగు లేదు. ఇంకా దగ్గరికి వంగాను. "ఒక అడుగు వెనక్కమ్మా" అంది గార్డు. పెద్దావిడే, నా వయసుండొచ్చు. వెనక్కి జరిగాను. మళ్ళీ కాలరు వచ్చేసింది, గంజితో సహా. ముందుకొక అడుగు, వెనక్కొక అడుగు. అలా నాలుగైదుసార్లు చేశాను. గార్డు నవ్వుతూ తనూ వచ్చి నా పక్కన నిలబడింది. "ఇక్కణ్ణుంచి" అని నేల మీద ఒక చోటు చూపించింది. రోజూ చూసేవాళ్ళకి తెలుస్తుంది కదా. నిజమే, అక్కడ నిలబడితే నలుపులో నలుపు కూడా కనిపించింది. బట్ట మడత పడ్డచోట ఒక నలుపు, మెరిసేచోట ఇంకో నలుపు. నల్ల బట్ట కుట్టినవాళ్ళకే తెలుస్తుంది ఆ కష్టం. రాత్రి దీపం కింద దారం కనపడదు.

అన్నట్టు ఆయన ఈ బొమ్మకి నిలబడ్డ రోజుల్లో డచ్చివాళ్ళు మా బందరులో కోఠీ పెట్టుకుని బట్టలు కొంటున్నారు. 1600ల మొదట్లోనే వచ్చారు వాళ్ళు. మా ఊళ్ళో డచ్చి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, చిన్నప్పుడు ఆ వైపు వెళ్ళాలంటే భయం. ఆయన ఒంటి మీదున్నది బందరు బట్ట అని నేననడం లేదు. కానీ బట్టల వ్యాపారి కదా, మా ఊరి పేరు చెవిన పడే ఉంటుందని నా మనసు.

మూడోసారి మా ఆయన్ని లాక్కెళ్ళాను. ఆ రోజు మధ్యాహ్నం కచేరీ ఆయనకి అంతగా నచ్చని విద్వాంసుడిదట. బస్సులో ఆయన సణుగుడు మీకు రాయను.

పడమటి వైపు మన దేశం విగ్రహాలు, పక్క దేశాలవీ ఉన్నాయి. చోళుల కాలం నటరాజు కంచు విగ్రహం ఉంది. 1930లోనే కొన్నారు. ఆయన చెప్పులు విప్పబోయారు. "ఏవండీ, ఇది గుడి కాదు" అన్నాను. "విగ్రహానికి ఆ సంగతి తెలుసా" అన్నారు. మొత్తానికి విప్పలేదు గానీ చేతులు కట్టుకునే నిలబడ్డారు.

నేను తీసుకెళ్ళింది నటరాజు కోసం కాదు, కృష్ణుడి కోసం. కంబోడియాలో నామ్ దా అనే కొండ నుంచి వచ్చిన గోవర్ధన కృష్ణుడు. సుమారు క్రీస్తు శకం 600 నాటివాడు. మనిషంత విగ్రహం, ఇసకరాయి. ఎడం చెయ్యి పైకెత్తి కొండని ఆపుతున్నాడు. మొహంలో కష్టం లేదు. ఎవరో సంచీ పట్టుకోమంటే పట్టుకున్నట్టున్నాడు. ఆయన చూసీ చూడగానే నోట్లో ఏదో పద్యం మొదలుపెట్టారు. నేను మాత్రం అతుకులు చూస్తున్నాను.

ఆ విగ్రహం కథ మా షాపులో కథలాంటిదే. వందేళ్ళ కిందట ముక్కలుగా యూరపు చేరింది. మొండెం మ్యూజియం వాళ్ళు 1973లో కొన్నారు. మిగతా ముక్కలు కొన్ని బ్రస్సెల్స్‌లో ఒక ధనవంతుల ఇంటి తోటలో పూడ్చిపెట్టి ఉంటే తవ్వి తెచ్చారు. తెచ్చి అతికించారు. ఏళ్ళు గడిచాక, అందులో కొన్ని ఈయనవి కావు, అదే కొండ నుంచి వచ్చి కంబోడియా మ్యూజియంలో ఉన్న ఇంకో కృష్ణుడివని తేలింది. ఒకావిడ జాకెట్టు చేతులు ఇంకొకావిడ ఒంటికి ఎక్కించినట్టు! మాకూ దసరా రద్దీలో ఒకసారి జరిగింది, ఇద్దరూ వదినా మరదళ్ళు కాబట్టి గొడవ కాకుండా పోయింది. వీళ్ళు కుట్టు విప్పి, ఎవరి ముక్కలు వాళ్ళకి పంపించుకున్నారు. అక్కడి నుంచి ఈయనవి ఇక్కడికి వచ్చాయి. మళ్ళీ కూర్చి 2021లో జనానికి చూపించారు. అతుకులు దాచిపెట్టలేదు. పాత రాయి ఏదో, కొత్తగా నింపింది ఏదో దగ్గరికెళ్తే తెలుస్తుంది. నాకది నచ్చింది. మాసిక వేస్తే వేశామని తెలియాలి.

ఆ తర్వాత బయటికొచ్చి చెరువు వైపు మెట్ల మీద ఇంకో విగ్రహం చూపించాను, మాసిక వేయనిది. రోడిన్ అనే ఫ్రెంచి శిల్పి చేసిన 'ఆలోచించే మనిషి' కంచు విగ్రహం. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్న ఆ మనిషిని మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. 1970 మార్చిలో ఒక రాత్రి ఎవరో దాని కింద బాంబు పెట్టారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఎవరూ పట్టుబడలేదు. విగ్రహం పాదాలు ఎగిరిపోయాయి, కింద కంచు చిరిగిపోయి బయటికి విచ్చుకుంది. బాగు చేయాలా, పారేసి కొత్తది పోయించాలా అని ఆలోచించి, చివరికి అలాగే నిలబెట్టారు. అంచులు కాలిన పాలిస్టర్ గుడ్డలా వంకర్లు తిరిగి ఉన్నాయి. పాదాలు లేని మనిషి అంత పైన కూర్చుని ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

"దీన్నెందుకు బాగు చేయించలేదో" అన్నారు మా ఆయన.

"చేస్తే కొత్త కాళ్ళు రోడిన్‌వి కావు కదండీ" అన్నాను. ఆయన నా వైపు కొత్తగా చూశారు. పెళ్ళయిన నలభై ఏళ్ళలో అలా చూడ్డం రెండోసారి. మొదటిది వేరే కథ.

చెరువు గట్టు మీద బెంచీ చూసుకుని, డబ్బాలో తెచ్చిన పులిహోర తిన్నాం. ఆ తోట, చెరువు కూడా మ్యూజియం ముందున్నవే, ఎవరైనా తిరగొచ్చు. చెర్రీ పూల రేకులు డబ్బాలో పడ్డాయి. చలికి పులిహోర రాయిలా అయిపోయింది. అయినా బాగుంది.

నాలుగోసారి మనవడితో. ఏడేళ్ళవాడు, విగ్రహాలంటే విసుగు. వాడి కోసం కింద ఆర్ట్‌లెన్స్ గ్యాలరీ అని ఉంది. అదీ ఊరికే. పెద్ద తెరల ముందు నిలబడితే కెమెరా మనల్ని చూస్తుంది. మన మొహం ఏ బొమ్మలోని మొహంలా ఉందో, ఒంటి భంగిమ ఏ విగ్రహంలా ఉందో పోల్చి చూపించే ఆటలవి. వాడు కోతి మొహాలు పెట్టాడు, తెర మీద పాత కాలపు మొహాలు వచ్చాయి. నన్ను నిలబెట్టి "అమ్మమ్మా, కోపంగా చూడు" అన్నాడు. కోపం రాలేదు, నవ్వొచ్చింది. "రోజూ హోమ్‌వర్క్ అప్పుడు వస్తుందిగా" అని గొణిగాడు.

అక్కడే 40 అడుగుల పొడుగు తెర ఒకటుంది. మ్యూజియంలో ఆ రోజు ప్రదర్శనలో ఉన్న వేల వస్తువుల బొమ్మలు దాని మీద కదులుతుంటాయి. ఏది నచ్చితే అది వేలితో పెద్దది చేసుకోవచ్చు, ఫోన్లో వాళ్ళ ఆప్ ఉంటే దాచుకోవచ్చు. మనవడు దాచుకున్నవన్నీ గుర్రాలు, కత్తులు, ఒక పులి. వాటిని వెతుక్కుంటూ పైకెళ్తే ఆ పులి కూడా దొరికింది. హెన్రీ రూసో అనే ఫ్రెంచి ఆయన 1908లో వేసిన పటం, పులి గేదె మీద పడుతోంది. అరటి గెలలు తలకిందులుగా కాశాయి. "ఈయన అరటి చెట్టు ఎప్పుడూ చూళ్ళేదురా" అన్నాను. వాడికి అది బాగా నచ్చింది. ఎవరొచ్చినా చెబుతున్నాడు. బిస్కెట్టు ఆ తర్వాతే.

ఒక సంగతి. నేను నాలుగుసార్లు వెళ్ళినా చూడలేకపోయింది ఒకటుంది. అక్బరు తన చిత్రకారుల చేత సుమారు 1560లలో వేయించిన 'తూతీనామా' అనే బొమ్మల పుస్తకంలో చాలా భాగం వీళ్ళ దగ్గరే ఉంది. మన చిలక కథలే. మొగుడు ఊళ్ళో లేనప్పుడు ఇల్లాలు గడప దాటకుండా చిలక రాత్రికో కథ చెబుతుంది చూడండి, ఆ కథలు సంస్కృతం నుంచి పారసీలోకి వెళ్ళాయి. నాకు అలాంటి చిలక లేదు కాబట్టి ఆయన కచేరీలో ఉండగా బస్సెక్కాను. కాగితం మీది బొమ్మలు, పాత బట్టలు వెలుతురికి పాడవుతాయని వీటిని అస్తమానం బయట ఉంచరు, మార్చి మార్చి పెడతారు. మా వైపు తీరం నుంచి వెళ్ళిన పాత అద్దకం బట్టలూ అంతే. బీరువాలో పట్టుచీరని మడత మార్చి పెట్టేవాళ్ళకి ఇందులో కోపం రాదు.

కానీ అవన్నీ ఇంట్లో కూర్చుని చూడొచ్చు. 2019 జనవరిలో ఈ మ్యూజియం వాళ్ళు హక్కుల గడువు తీరిపోయిన సుమారు 30 వేల వస్తువుల ఫోటోలు ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని వదిలేశారు. వెబ్‌సైటులో పేరు కొట్టి, డౌన్‌లోడ్ నొక్కితే పెద్ద సైజు బొమ్మ వస్తుంది. దాన్ని అచ్చేసుకోవచ్చు, గుడ్డ మీద వేసి అమ్ముకోవచ్చు కూడా. అనుమతి అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. ఇది నేను అల్లుడితో రెండుసార్లు చదివించి అర్థం చేసుకున్నాను. పెడన అద్దకం వాళ్ళు నాలుగు రకాల నెమలినే తిప్పి తిప్పి వేస్తుంటారు కదా, వాళ్ళకి చెప్పాలి. ఆ చిలక పుస్తకంలో ఒక్క అంచు డిజైనుకే పది చీరలు లేస్తాయి.

క్లీవ్‌లాండ్ రానక్కర్లేదు, బందరులో కూర్చునే తెచ్చుకోవచ్చు. చెప్పానుగా, కాలరు సంగతి మాత్రం ఫోన్లో తెలియదు. ముందుకొక అడుగు, వెనక్కొక అడుగు వేయాలంటే నేల కావాలి.

గైడు వెంట తిప్పి చూపించే టూర్లు కూడా ఊరికే ఉంటాయి, నేను ఒకదానిలో పది నిమిషాలుండి జారుకున్నాను. ఆవిడ చక్కగానే చెబుతోంది, నాకే ఆగినచోట ఆగిపోయే అలవాటు. మీకు ఇంగ్లీషు బాగా వస్తే వెళ్ళండి.

ఎప్పుడు వెళ్ళాలంటే, బుధ, శుక్రవారాలు రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది. మిగతా రోజులు పొద్దున 10 నుంచి సాయంత్రం 5. కారులో వెళ్ళేవాళ్ళు పార్కింగుకి డబ్బు ఉంచుకోండి, లేదంటే బస్సే నయం. సోమవారం మాత్రం వెళ్ళకండి. సెలవు. ఆ సంగతి తెలియక మా ఆయన, ఆ కృష్ణుణ్ణి ఇంకోసారి చూస్తానని ఒక్కరే వెళ్ళి, మూసిన తలుపు చూసి, పాదాలు లేని ఆ మనిషి కింద మెట్ల మీద అరగంట కూర్చుని వచ్చారు.